ఇల్లాలి జీవితాన్ని ఇంటివారి జ్ఞాపకాల నుంచి రాయడం: గజపతి జిల్లా నుంచి ఒక కేస్ స్టడీ

పెద్దలు కాలం చేసిన ఇళ్లలో వారి జీవిత విశేషాలను ఇంటివారి నోటనే రికార్డు చేసి, సంవత్సరీకం నాటికి ఒక చిన్న పుస్తకంగా కూర్చి ఇవ్వడం నా వృత్తి. శ్రీకాకుళం జిల్లాలోనూ, సరిహద్దుకు అవతల ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ జిల్లాల తెలుగు కుటుంబాలలోనూ ఈ పని ఎక్కువగా చేస్తుంటాను. ఉద్యోగం చేసి రిటైరైనవారి గురించో, వ్యాపారం నడిపినవారి గురించో రాసేటప్పుడు సర్వీసు కాగితాలు, లెక్కల పుస్తకాలు, తోటివారి మాటలు దారి చూపుతాయి. ఏ కాగితంలోనూ వృత్తి అన్న గడి నిండని పల్లెటూరి ఇల్లాలి గురించి రాయవలసి వచ్చినప్పుడు అవేవీ ఉండవు. అటువంటి జీవితాన్ని ఎక్కడ వెతకాలో ఈ కుటుంబం దగ్గర నాకు బాగా స్పష్టపడింది. ఇలాంటి పని చేసేవారికి పనికివస్తుందని, వారి అనుమతితోనే ఈ కేసును వివరంగా రాస్తున్నాను. పేర్లు, ఊరు, కులం, భూమి వివరాలు విడిచిపెట్టాను. ఒకటి రెండు చోట్ల బంధుత్వాలు మార్చాను.

నేపథ్యం

పెద్దావిడ 2022 కార్తీకంలో కాలం చేశారు. గజపతి జిల్లాలో, వంశధారకు ఎంతో దూరం లేని ఒక తెలుగు పల్లెలో ఇంచుమించు అరవై ఏళ్లు కాపురం చేశారు. కన్నవారిల్లు శ్రీకాకుళం జిల్లాలో, నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లే రైలు మార్గం పక్కనే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి, పర్లాకిమిడి పట్టణమూ ఆ జమీందారీలో కొంత భాగమూ అటు వెళ్లినా, ఈ రెండు వైపుల ఊళ్ల మధ్య పిల్లనివ్వడం, తెచ్చుకోవడం ఆగలేదు. ఆమె కూడా అలా వచ్చిన కోడలే.

భర్త ఆమెకంటే పదేళ్లకు పైగా ముందే పోయారు. పెద్ద కుమారుడు ఊళ్లోనే వ్యవసాయం చేస్తున్నారు. ఆయన భార్య, అంటే పెద్ద కోడలు, అత్తగారితో ముప్పై ఏళ్లకు పైగా ఒకే పొయ్యి మీద వండుకున్న మనిషి. రెండో కుమారుడు ఈ ప్రాంతం నుంచి వెళ్లిన ఎంతోమంది లాగే సూరత్ మగ్గాల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నారు. పెద్ద కూతురు టెక్కలి వైపు, చిన్న కూతురు బరంపురంలో ఉంటారు. వీరు కాక, భర్త చెల్లెలు, అంటే పెద్దావిడకు ఆడపడుచు, అదే ఊళ్లో వేరే వీధిలో ఉన్నారు. మొదట నన్ను పిలిచింది సూరత్‌లో ఉన్న కుమారుడు. సంవత్సరీకానికి వచ్చే బంధువులందరికీ అమ్మ గురించి ఒక పుస్తకం పంచాలన్నది ఆయన కోరిక.

ఎదురైన సమస్య

అందరూ ఒకచోట కూర్చున్న మొదటి రోజున నాకు దొరికిన మాటలు ఇవి: అమ్మ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు, అందరికీ పెట్టిన తర్వాతే తాను తినేది, గుమ్మంలోకి వచ్చినవారిని ఊరికే పంపేది కాదు. కాసేపటికి మాట నాన్న మీదకు మళ్లింది. నాన్న గరువు, అంటే మెట్ట పొలం, కొనడం, నాన్న ఊరి తగాదాలు తీర్చడం, నాన్న బరంపురం కోర్టుకు వెళ్లడం, వీటికి సంవత్సరాలు, సాక్షులు, తిరిగి చెప్పుకునే సంభాషణలు అన్నీ ఉన్నాయి. అమ్మ గురించి మిగిలింది రెండు పేజీలకు మించదు, అదీ ఏ ఇంటి తల్లికైనా అతికే రెండు పేజీలు.

పిల్లలకు తల్లి మీద ప్రేమ లేక ఇలా జరగలేదని మొదటే చెప్పాలి. చిన్న కూతురు ఆ రోజు మాట్లాడలేక లేచి వెళ్లిపోయింది. పోయినవారిని పొగడటం దుఃఖం మాట్లాడే పద్ధతి; దాన్ని తోసిపుచ్చకూడదు, అలాగని దానిమీద జీవిత వృత్తాంతం నిలవదు. ఆ మాటలను అలాగే రాసి పుస్తకం చివరి పేజీలో ఉంచాలని అప్పుడే అనుకున్నాను. మిగతా పుస్తకం వేరే చోటు నుంచి రావాలి.

మొదట ప్రయత్నించినవి, అవి ఆగిన చోటు

అందరికీ చేసినట్టే కాలక్రమంలో ప్రశ్నలు వేయడంతో మొదలుపెట్టాను: పుట్టుక, బాల్యం, పెళ్లి, పిల్లలు, ముసలితనం. బాల్యం గురించి చెప్పగలిగిన మనిషి ఆ ఇంట్లో లేరు. తోబుట్టువుల్లో ఎవరూ మిగలలేదు. పెళ్లి తర్వాతి సంఘటనలన్నీ పిల్లల మనసులో తండ్రి కాలక్రమంలో అమరి ఉన్నాయి. "ఆ ఏడు ఏం జరిగింది" అని అడిగితే ఇంట్లో మారిన సంగతి చెబుతారు, అంటే భూమి, ఎడ్లు, తగాదా, పెళ్లిళ్లు. కానీ పెద్దావిడ పని ఏ ఏటికి ఆ ఏడు మారనిది. మారినదాన్ని మాత్రమే పట్టుకునే ప్రశ్నకు మారని పని దొరకదు. ఈ విషయం తేలాక ఆ ప్రశ్నల పట్టికను పక్కన పెట్టాను.

కాగితాలు చూశాను. ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంది; ఓటరు కార్డులోని వయసుకు, దానికి నాలుగేళ్ల తేడా. ఫోటోలు నాలుగైదు, అన్నీ మనవల వేడుకల్లో తీసినవి, అన్నిటిలోనూ ఆమె అంచున ఉన్నారు.

తర్వాత అరుగు మీద ఇరుగుపొరుగును కూడా కూర్చోబెట్టి మాట్లాడించాను. ఒకరి మాట మరొకరికి గుర్తు తెస్తుందన్న ఆశతో ఈ పద్ధతి వాడతాం, చాలా ఇళ్లలో ఫలిస్తుంది కూడా. ఇక్కడ మాత్రం పెద్ద కుమారుడు మాట్లాడుతుంటే మగవారు తలూపారు, ఆడవారు వినయంగా ఊరుకున్నారు. పెద్ద కోడలు టీ ఇచ్చి లోపలికి వెళ్లిపోయారు. ఆమె అక్కడ కూర్చోవాలని ఎవరికీ తోచలేదు, ఆమెకు కూడా తోచలేదు. అత్తగారితో అందరికంటే ఎక్కువ గంటలు గడిపిన మనిషి ఆ సభలో సాక్షిగానే లెక్కకు రాలేదు. నా తర్వాతి నిర్ణయం దాన్నుంచే వచ్చింది: అరుగు వదిలి, పని జరిగే చోట్లకు, ఒక్కొక్కరి దగ్గరకు విడివిడిగా వెళ్లాలి.

పని దగ్గర నుంచి మొదలుపెట్టడం

పెద్ద కోడలితో వంటింట్లో, పశువుల సాలలో, పెరట్లో ఆమె పని చేసుకుంటుండగానే మాట్లాడాను. అత్తగారు ఎటువంటివారని అడగలేదు. ఆవిడ పోయాక ఏ పని చేయబోతే చేతకాలేదో చెప్పమన్నాను. ఆమె వెంటనే తలెత్తి చూశారు.

"ఇత్తనం అమ్మా. మాయత్త ఉన్నన్నాళ్లూ పెరటి ఇత్తనం కొన్నది లేదు. ఆయమ్మ పోనాక నాను డబ్బాలో పోసి ఉంచినాను. తొలకరికి తీస్తే బీరా ఆనపా అన్నీ పుచ్చిపోనాయి."

అక్కడి నుంచి ఆమె ఆగలేదు. బాగా ముదిరి ఎండిన ఆనపకాయ, అంటే సొరకాయ, బుర్రకు మూతి కోసి, లోపలి పీచు తీసి, విత్తనాలను జల్లించిన బూడిదతో కలిపి అందులో పోసి, మూతికి పేడ మెత్తి, పొయ్యి మీదుగా పొగ తగిలేచోట అటక వాసానికి వేలాడదీసేవారట. పోసేముందు విత్తనాన్ని పళ్లతో కొరికి చూసేవారట. టక్కున విరిగితే ఎండినట్టు, నలిగితే ఇంకో ఎండ కావాలి. నెలకోసారి బుర్రను చెవి దగ్గర పెట్టుకుని ఊపేవారట. గలగలమంటే సరే, చప్పుడు మొద్దుబారితే లోపల చెమ్మ చేరినట్టే, దింపి మళ్లీ ఎండబెట్టాలి. కోడలికి బూడిద తెలుసు, పొగ తెలుసు, ఆ చప్పుడు మాత్రం తెలియదు. "ఆయమ్మ ఊపీది, నాను సూసీదాన్ని. ఇనలేదు" అన్నారు. ఖాళీ బుర్రలు ఇంకా వాసానికే ఉన్నాయి. ఒకటి దింపి నా చేతిలో పెట్టారు.

ఒక్క ప్రశ్నకు ఇంత వచ్చింది కనుక, దాన్నే పద్ధతిగా చేసుకున్నాను. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా నిర్వహించిన కాల వినియోగ సర్వేలో, తెల్లవారుజామున నాలుగు గంటల నుంచి మర్నాడు నాలుగు వరకు రోజును అరగంటల కింద విడగొట్టి ఎవరు ఏం చేశారో రాసుకున్నారు. ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని ఆ సర్వే తేల్చింది. ఆ గడుల పద్ధతిని నేను తీసుకుని, నిన్నటి రోజుకు బదులు పెద్దావిడ ఓపికగా తిరుగుతున్న కాలంలోని రెండు రోజులను నింపమని ఒక్కొక్కరినీ విడిగా అడిగాను: శ్రావణంలో ఉడుపుల, అంటే వరి నాట్ల, రోజు ఒకటి, పుష్యంలో నూర్పుల రోజు ఒకటి. రెండు రోజులు ఎందుకంటే, ఒకటే అడిగితే అందరూ పండగ రోజునో పెళ్లి రోజునో ఎంచుకుంటారు.

కుమారుల గడులు చాలావరకు ఖాళీగా ఉండిపోయాయి. పొద్దున చోడి అంబలి, మధ్యాహ్నం పొలానికి వచ్చిన అన్నం, రాత్రి భోజనం, ఈ మూడు చోట్ల అమ్మ కనిపించింది, మధ్యలో లేదు. కూతుళ్ల గడుల్లో తెల్లవారుజామున సాలలో పేడ తీయడం, కళ్లాపి, తిరగలి, కుడితి కనిపించాయి. పెద్ద కోడలి పట్టికలో ఖాళీయే లేదు. రాత్రి అందరూ పడుకున్నాక దీపం దగ్గర గోగునార పేనడం, చింతపండు పిక్కలు తీయడం కూడా అందులో ఉన్నాయి. ఈ మూడు పట్టికలను పక్కపక్కన పెట్టి పెద్ద కుమారుడికి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, తమ్ముడికి సూరత్‌కు ఫోన్ చేసి, తన ఖాళీ గడుల గురించి తానే చెప్పారు. ఆ తర్వాత ఆయన దగ్గర నుంచి పొగడ్తలు తగ్గాయి, సంగతులు పెరిగాయి.

గోడ మీది లెక్క

ధాన్యం గదిలోకి వెళ్లింది కూడా పుష్యం పట్టిక వల్లనే. నూర్పుల రోజు సాయంత్రం గడిలో కోడలు "గీతలు సెరపడం" అని చెప్పారు. ఏం గీతలని అడిగితే తీసుకెళ్లి చూపించారు.

గాదె పక్క గోడ మీద, మోకాలి ఎత్తు నుంచి భుజం ఎత్తు వరకు, బొగ్గుతో వరుసలుగా గీతలు ఉన్నాయి. నిలువు గీత ఒక కుంచం, దానికి అడ్డంగా చిన్న గీత ఉంటే అడ్డెడు, అంటే అర కుంచం. ఏ వరుస ఏ ఇంటిదో చోటును బట్టి గుర్తు. తొలకరిలో తిండిగింజలు అయిపోయిన ఇళ్లకు ధాన్యం ఇచ్చి, నూర్పులయ్యాక అంతే తిరిగి కొలిపించుకునేవారు. తిరిగి వచ్చిన గీతను తడిగుడ్డతో చెరిపేవారు. సంక్రాంతికి గోడలకు సున్నం వేసేటప్పటికి గోడ ఎలాగూ శుభ్రపడాలి కనుక, ఆ ఏటి లెక్క ఆ ఏడే ముగియాలి. ఆమె పోయిన ఏడు ఆ ఇంట్లో పండగ చేయలేదు, సున్నం వేయలేదు. అందువల్లనే ఆ ఏటి గీతల్లో మిగిలినవి నాకు కనిపించాయి. మామూలుగా జరిగి ఉంటే ఆమె జీవితంలో ఆమె చేత్తో రాసిన ఏకైక లెక్క నా కంటపడేది కాదు.

పెద్ద కుమారుడికి ఇది కొత్త సంగతి కాదు. "అదేటి సెప్పుకోడానికి, ఆడోళ్ల సేబదులు" అన్నారు. ఊళ్లో మాత్రం తొలకరిలో ఆ ఇంటికి వెళితే గింజలు దొరుకుతాయన్న పేరు ఆయన తండ్రికి ఉంది, నేను అడిగిన మగవారందరూ అలాగే చెప్పారు. తీసుకున్న ఇళ్ల ఆడవారిని అడిగితే మాత్రం పెద్దాయన ప్రస్తావనే రాలేదు. పెరటి గుమ్మం నుంచి వచ్చి, పెరటి గుమ్మం నుంచే తీసుకెళ్లామన్నారు. పెద్దాయన పోయిన తర్వాత పదేళ్లకు పైగా ఆ గోడ మీద గీతలు పడుతూనే ఉన్నాయన్నది ఎవరూ కాదనలేని సాక్ష్యం. నేను దాన్నే ఆధారంగా తీసుకుని ఈ అధ్యాయం రాశాను. భర్త జీవించి ఉన్న కాలంలో ఎవరి నిర్ణయం ఎంతన్నది తేల్చే సాక్ష్యం లేదు కనుక, ఆ భాగంలో ఎవరి మాట వారి పేరునే ఉంచాను.

అచ్చువేసేటప్పుడు ఒక చిక్కు వచ్చింది. గీతలు ఆమె చేతిరాత, నిజమే. అవి ఇతరుల అప్పులు కూడా. ఫోటో తీసి వేయాలని చిన్న కూతురు పట్టుబట్టింది. గోడను దగ్గరగా, ఏ వరుస ఎక్కడుందో ఊరివారికి పోల్చుకోవడానికి వీల్లేనంత దగ్గరగా తీయించి, మూడు వరుసలు మాత్రం వేశాం. ఏ వరుస ఎవరిదో కోడలు చెప్పిన మాటలను నేను రాసుకోలేదు.

కొండ మీది నుంచి వచ్చిన సాక్షి

శ్రావణం పట్టికలో సంత రోజున ఒక గంట "సవరలతో" అని ఉంది. దగ్గరి కొండల నుంచి సవర గిరిజన స్త్రీలు పసుపు, చింతపండు, కందులు, అడ్డాకులు, కొండచీపుళ్లు తెచ్చి సంతకు దిగుతారు. సంతకు చేరకముందే కొందరు ఈ పెరట్లో ఆగి, ఉప్పు, ఎండుచేప, పొగాకు తీసుకుని సరుకు ఇచ్చి వెళ్లేవారని పెద్ద కూతురు చెప్పారు, చింతపండు బేరం నాన్నదని కూడా చెప్పారు. ఇంకా వస్తున్న ఒక వృద్ధురాలిని సంత రోజున కలిశాను. ఆమెకు తెలుగు కొద్దిగానే వచ్చు. మనవడు సాయంగా మాట చెప్పాడు. ఈ ఇంట్లో ఎవరితో బేరం చేసేవారని అడగగానే ఆమె నవ్వి, సవరలో చాలాసేపు మాట్లాడింది. మనవడు చెప్పినదాని సారం ఇది: ఇంటావిడ మా మాట మాట్లాడేది, మానిక మీద గింజలు కుప్పగా నిలిచేలా కొలిచేది, చేత్తో అంచుకు చదును చేసేది కాదు.

అమ్మకు సవర వచ్చునని కుమారులిద్దరికీ తెలియదు. కోడలికి తెలుసు, అయితే చెప్పుకోదగ్గ విషయమని అనుకోలేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ గిడుగు వెంకట రామమూర్తి గారు సవర నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశారని ఈ ప్రాంతంలో చదువుకున్న ప్రతివారికీ తెలుసు, గర్వంగా చెప్పుకుంటాం. అదే నేలమీద, అక్షరం రాని ఒక ఇల్లాలు బేరానికీ పలకరింపుకూ ఆ భాషను నేర్చుకున్నదంటే అదీ చెప్పుకోదగ్గదేనని పుస్తకంలో రాశాను. కుటుంబం ఆ వాక్యాన్ని సంతోషంగా ఉంచుకుంది.

తేదీలు నిలబెట్టడం

పుట్టిన తేదీ దొరకదని ఒప్పుకుని వదిలేశాను. పెళ్లికి మాత్రం ఆడపడుచు మాట పనికివచ్చింది. 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి వల్ల లోకం మునిగిపోతుందన్న భయం దేశమంతా పాకింది. ఆ భయంతో వదిన పెళ్లిని వేసవికి వాయిదా వేశారని ఆమెకు గట్టిగా గుర్తుంది. అంటే 1962 వేసవి. పెళ్లినాటికి వదినకు పదహారో పదిహేడో అని ఆమె చెప్పినదాన్ని బట్టి పుట్టుక 1945 ప్రాంతం. ఆధార్‌లోని సంవత్సరం దీనికి కుదరలేదు, ఓటరు కార్డు దాదాపు కుదిరింది. పుస్తకంలో "1945 ప్రాంతం" అనే వేశాం.

చిన్న కూతురి విషయం ఇంకా బాగా తేలింది. ఆమె స్కూలు సర్టిఫికెట్‌లో 1982 అని ఉంది. ఆడపడుచు చెప్పినది: పెద్ద గ్రహణం రోజున వదిన కడుపుతో ఉంది, కదలకుండా పడుకోబెట్టాం, వరద వచ్చినప్పుడు పిల్ల ఒళ్లో ఉంది, తడిబట్టల్లో ఎత్తుకుని మెట్టకు వెళ్లాం. గ్రహణం 1980 ఫిబ్రవరి 16న. గుణుపురాన్ని ముంచిన వంశధార వరద అదే ఏడు సెప్టెంబరులో. ఈ రెండిటి మధ్యే ఆ పిల్ల పుట్టింది. వ్యక్తి తేదీ దొరకనప్పుడు అందరికీ తెలిసిన రెండు సంఘటనల మధ్య బిగించడం మా పనిలో ఎప్పుడూ చేసేదే. ఒక్కటే సంఘటన మీద ఆధారపడితే అది మరొక ఏటి గ్రహణమో మరొక వరదో కావచ్చు. రెండూ ఒకే గర్భానికి అతికితే పొరపాటుకు చోటు తగ్గుతుంది. పల్లెటూళ్లలో తల్లి జీవితానికి తేదీలు చాలావరకు ఆమె కానుపుల నుంచే వస్తాయి, అందుకే ఆడపడుచుల్ని, మంత్రసానులను ముందుగా కలవమని కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారికి చెబుతుంటాను.

కన్నవారింటి రాకపోకలకు రైలే కొలమానం అయింది. ఆ చిన్న రైలు 2004లో ఆగిపోయింది. పట్టాలు వెడల్పు చేసి పర్లాకిమిడి వరకు 2010లో, గుణుపురం వరకు 2011లో మళ్లీ నడిపారు. ఆమె అన్నగారు మధ్య సంవత్సరాల్లో పోయారు. కబురు అందాక బస్సులు మారి వెళ్లేసరికి దహనం అయిపోయింది. "రైలుంటే అందుకునీదాన్ని" అని ఆ తర్వాత ఎన్నో ఏళ్లు అనేవారని పిల్లలందరూ, ఏ తేడా లేకుండా, చెప్పారు. ఆ ఒక్క విషయంలోనే వారందరి దగ్గర ఆమె సొంత మాట అలాగే మిగిలి ఉంది.

రాయాలా వద్దా అని ఆగిన రెండు చోట్లు

ఆడపడుచు ఒక మధ్యాహ్నం రికార్డర్ ఆపమన్నారు. ఆపాను. నలుగురు కాక మరో ఇద్దరు పిల్లలు పుట్టి పోయారని అప్పుడు చెప్పారు. రికార్డర్ ఆపిన తర్వాత విన్నదాన్ని, చెప్పినవారు మళ్లీ అనుమతిస్తే తప్ప నేను నోట్సులో కూడా రాయను. పెద్ద కూతురికి ఇందులో ఎంత తెలుసో నాకు తెలియదు కనుక, ఆమెకు నేను చెప్పే వీలు కూడా లేదు. మీరే ఆమెతో మాట్లాడగలరా అని ఆడపడుచును అడిగాను. వారిద్దరూ మాట్లాడుకున్నారు; ఒకరి సంగతి కూతురికి చిన్ననాటి నుంచి తెలుసట. కుటుంబం కలిసి ఒక వాక్యం ఒప్పుకుంది: "ఆరుగురు బిడ్డలను కన్నారు, నలుగురిని పెంచారు." కారణాలు, సంవత్సరాలు వేయలేదు.

రెండోది గరువు. తండ్రి కొన్నారని కుమారుల మాట. వదిన మెడలోని కంటె అమ్మి కొన్నారని ఆడపడుచు మాట. దస్తావేజు భర్త పేరున ఉంది, డబ్బు ఎక్కడిదో దస్తావేజు చెప్పదు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత కూతుళ్లకూ కుటుంబ ఆస్తిలో కుమారులతో సమానమైన హక్కు వచ్చిందని అందరికీ తెలుసు, ఆ ఇంట్లో పంపకం ఇంకా జరగలేదు. జ్ఞాపకంగా చెప్పిన మాట రేపు వాదనగా మారవచ్చు. తీసేయడం నాకు తేలిక, అయితే తీసేస్తే ఆమె ఆ ఇంటికి ఇచ్చిన అతి పెద్ద వస్తువు పోతుంది. నేను విస్తీర్ణం, ఏడు, ధర, హద్దులు అన్నీ విడిచి, ఇద్దరి మాటలు మాత్రం రాసి, అచ్చుకు ముందు నలుగురు పిల్లలకూ ఒకేసారి చదివి వినిపించాను. పెద్ద కుమారుడు ఆ పేరా వద్దన్నారు. చిన్న కూతురు ఉండాలన్నారు. నేను ఎవరి పక్షమూ మాట్లాడలేదు. ఆ మాట చెప్పిన ఆడపడుచునే పిలవమన్నాను. ఆమె వచ్చి, కంటెను తూచింది తన కళ్లముందేనని, పంపకంతో తనకు పని లేదని, వదిన మెడ బోసిగా ఉన్న ఏడు తనకు గుర్తుందని చెప్పారు. చివరకు అచ్చయిన వాక్యం ఇది: "గరువు కొన్న ఏడు వదిన మెడలో కంటె లేదని ఆడపడుచు చెప్పారు, డబ్బు ఎలా సమకూరిందో తమకు తెలియదని కుమారులు చెప్పారు." రెండు వైపులవారూ కింద సంతకం పెట్టిన ప్రతి నా దగ్గర ఉంది.

భాష, లిపి

ఒడియా మీడియంలో చదివిన మనవలకు తెలుగు మాట వచ్చు, తెలుగు అక్షరం రాదు. పుస్తకాన్ని తెలుగులోనే వేసి, సాక్షుల మాటలను ఊరి యాసలోనే, అత్తలూ అమ్మమ్మలూ పలికినట్టే ఉంచాం. రికార్డింగులను భాగాలుగా కోసి పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ఏ భాగంలో ఎవరు మాట్లాడుతున్నారో ఒక మనవరాలి చేత ఒడియా లిపిలో రాయించాం. మనవలు ముందుగా తెరిచింది విత్తనాల భాగమని తర్వాత తెలిసింది.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో నిలిచినవి కొన్ని ఉన్నాయి. ఇల్లాలి గురించి మాట్లాడటానికి మొదటి సాక్షిగా పెద్ద కొడుకును పెట్టుకోను. ఆమెతో కలిసి పనిచేసిన కోడలినో, తోటికోడలినో, ఆడపడుచునో ముందు కలుస్తాను. మనిషి పోయాక ఇంట్లో ఏ పని ఆగిపోయింది, ఏది పాడైంది, గుమ్మంలోకి ఎవరు రావడం మానేశారు అని అడుగుతాను, గుణగణాలు ఆఖరున అడుగుతాను. వీలైనంత వరకు మొదటి సంక్రాంతి రాకముందే ఇంటికి వెళతాను, గోడలు, అటకలు, పెరడు చూస్తాను. పొగడ్తలను కొట్టివేయను, వాటికి ఒక పేజీ ఉంటుంది.

మూల రికార్డింగులు పెద్ద కూతురి దగ్గర ఒక ప్రతి, నా దగ్గర ఒక ప్రతి ఉన్నాయి. కుటుంబం రాతపూర్వకంగా కోరితే నా ప్రతిని చెరిపేయాలన్నది ఒప్పందం. పెద్ద కోడలి రికార్డింగుల మీద నిర్ణయం మాత్రం ఆమెదేనని విడిగా రాసుకున్నాం, అది ఆమె కోరినది. ఆమె ఇప్పుడు విత్తనాలను మళ్లీ ఆనపబుర్రల్లోనే పోస్తున్నారు. చప్పుడు సంగతి అడగడానికి పక్క ఊళ్లో అత్తగారి వయసున్న ఒకావిడ దగ్గరకు వెళ్లి వచ్చారు, ఆ సంభాషణను కూడా తన ఫోనులో తానే రికార్డు చేసి నాకు పంపారు.